పెట్టెలో ఏముందో చెప్పండి

మా ఇంటావిడకు, ప్రేమతో.

ఇక్కడ నేనూ, ఇల్లూ, దుకాణమూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ కొత్త ఎక్స్‌రే గదీ, నీ దగ్గర పని నేర్చుకుంటున్న ఆ ఆరుగురూ క్షేమమని తలుస్తాను. ఈ రెండు వాక్యాలకు మూడు కాగితాలు ఖర్చయ్యాయి. మొదటి కాగితం మీద క్షేమమని రాసి, అబద్ధంలా అనిపించి చించేశాను. రెండోదాని మీద క్షేమం కాదని రాశాను. అది చదివి నువ్వు కంగారుపడి సెలవు పెట్టి బండెక్కేస్తావని భయమేసి దాన్నీ చించాను. కాబట్టి క్షేమమనే అనుకో. ఒంటికి క్షేమమే.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరాలెందుకని మొదట్లో నేను నవ్వాను. "ఫోన్లో మీరు ఊఁ అనీ, తిన్నాననీ తప్ప మూడో మాట మాట్లాడరు. రాస్తే అయినా నోరు విప్పుతారేమో చూద్దాం" అన్నావు. బ్లాగు పెట్టించిన రోజూ ఇలాంటిదే అన్నావు. "తాళాల గురించి నాకు చెప్పింది చాలు. వినే ఓపిక ఉన్నవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉంటారేమో, వాళ్ళకు చెప్పుకోండి" అని. ఎదురుగా పలకనివాడు కాగితం మీద వాగుతాడని నీకు ముందే ఎలా తెలిసిందో మరి.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు చెబుతాను. మణికట్టు నొప్పి తగ్గింది. నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటున్నాను, ఆకురాయి పట్టినప్పుడు మాత్రం విప్పేస్తున్నాను. తిట్టకు, పట్టీతో అరగదీస్తే తాళంచెవి పళ్ళు వంకరపోతాయి. అసలు ఈ మధ్య పట్టీ లేకపోయినా వంకరే పోతున్నాయి. మొన్న ఒకే ఇంటికి మూడు డూప్లికేట్లు చేసి మూడూ పాడుచేశాను. ఆ ఇంటాయన మూడోసారి వెనక్కి వచ్చి, "ఇది మా గుమ్మానికి పట్టలేదు గానీ పక్కింటి గుమ్మం తెరుచుకుంది, కాస్త చూసుకో నాయనా" అన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటి మాట పడటం ఇదే మొదలు.

ఇంటి కప్పు సంగతి. ఓనరు రేపు రేపంటూ రెండు నెలలు గడిపి, చివరికి నిన్న తాపీ మేస్త్రిని పంపాడు. వంటింట్లో కారడం ఆగింది. ఆ మేస్త్రి వచ్చినప్పుడు జరిగింది ఇంకొకటి ఉంది, అది తర్వాత చెబుతాను.

ఇక నీ మూడో ప్రశ్న. "మంచం కింద ఉండాల్సిన నా పెట్టె మీ బ్లాగులో ఏం చేస్తోంది? ఆదివారం తెరుస్తానని రాశారట. తెరవండి చూద్దాం." ఇవి నీ అక్షరాలే. నువ్వు నవ్వుతూ రాశావో, పళ్ళు కొరుకుతూ రాశావో ఎన్నిసార్లు చదివినా తేల్చుకోలేకపోయాను. నీ చేతిరాత ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, రిపోర్టు రాసినట్టు. నాలుగో ప్రశ్న, ఆ హాస్పిటలువాళ్ళు ఇంకో మూడు నెలలు ఉండమంటున్నారు, ఏమంటారని. దానికి చివర్లో జవాబు చెబుతాను. మూడోది చెప్పకుండా నాలుగోదానికి నోరు రాదు.

బ్లాగుకి రోజుకు నలభైమంది కంటే ఎక్కువ రావడం లేదని నీకు తెలుసు. ఆ నలభైలో పదిసార్లు వచ్చింది నేనే, ఎవరైనా వచ్చారేమో చూసుకుందామని. ఈ గోడు పక్క దుకాణం జిరాక్స్ ఆవిడ దగ్గర వెళ్ళబోసుకుంటే, మిషను మీదనుంచి తల కూడా ఎత్తకుండా, "పోటీ పెట్టు అన్నయ్యా. గెలిచినోళ్ళకి ఏదో ఒకటి ఊరికే ఇస్తానను. ఊరికే వస్తుందంటే ఫినాయిలైనా తాగే జనం" అంది.

నా బ్లాగు చదివేవాళ్ళు అలాంటివాళ్ళు కాదని నేను వాదించాను.

"అయితే మంచినీళ్ళే ఇవ్వు, ఎంతమంది వస్తారో చూద్దాం" అంది.

ఇవ్వడానికి నా దగ్గర ఉన్నదేమిటి? నాలుగు నెలలు కూర్చుని చేసిన ఏడు లీవర్ల ఇత్తడి తాళంకప్ప. అది తాళమా తాబేలా అని నువ్వు అడిగావే, అదే. పాత ఇనుము కొట్టాయన దగ్గర తాళంచెవి పోయిన ఇనప్పెట్టె ఒకటి చాలాకాలంగా మూలుగుతోంది. ఆయనతో మాట్లాడుకుని సోమవారం పోటీ ప్రకటించేశాను. పెట్టెలో ఏముందో చెప్పండి. ఒక్కరికి ఒక్క ఊహ. ఊహ రాసినవాళ్ళు బ్లాగు సంగతి మరో ముగ్గురికి చెప్పాలి. రెండు వారాలు గడిచాక ఆదివారం ఉదయం పదింటికి కెమెరా ముందు నేనే పెట్టె తెరుస్తాను. దగ్గరగా చెప్పినవారికి తాళంకప్ప, ఒకరికంటే ఎక్కువమంది చెబితే చీటీ.

మంగళవారం ఫోటో తీద్దామని వెళితే కొట్టాయన ఎదురొచ్చి, "నీకెందుకు శ్రమని సమ్మెట పెట్టి నేనే పగలగొట్టి ఉంచా" అన్నాడు. లోపల చచ్చిన బొద్దింకలు రెండు. అవతల ఫోటో ఏదీ అని ఇరవైమంది అడుగుతున్నారు. ఇల్లలకగానే పండగైపోయిందనుకున్న నా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. ఇంటికొచ్చి మంచం కిందకు వంగి నీ రేకు పెట్టె లాగాను. ఒక చేత్తో పిడి పట్టుకుని ఎత్తి, ఇంకో చేత్తో నేనూ పడేలా ఫోటో తీసి పెట్టేశాను. జరిగింది ఇంతే.

ఇంతే అని ఆపేద్దామనుకుని కలం పక్కన పెట్టాను. లేచి రెండు గదులూ తిరిగి, తాగకపోయినా నీళ్ళు పట్టుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఈ పదిహేను ఇరవై రోజులుగా కాలు కాలిన పిల్లికీ నాకూ తేడా లేదు. కుర్చీలో కూర్చుంటే దుకాణం గుర్తొస్తుంది, దుకాణానికి వెళితే ఇంటి తాళం వేశానా లేదా అని వెనక్కి వస్తాను. తాళాలవాడు తాళం వేశానో లేదో చూసుకోవడానికి సగం దారినుంచి వెనక్కి రావడం చూసి వీధంతా నవ్వుతోంది.

పోటీ నేను అనుకున్నట్టు జరగలేదు, అంతకు ఇరవై రెట్లు జరిగింది. మొదటి రోజు అరవైమంది. ఎవరో ఇంకెవరికో పంపగా నాలుగో రోజుకు రోజుకి తొమ్మిదివందలమంది వస్తున్నారు. నీ పెట్టె గురించి లోకం ఏమనుకుంటోందో విను. బంగారమన్నవాళ్ళు ఎనభైమంది. ప్రేమలేఖలన్నవాళ్ళు డెబ్భై పైచిలుకు. లెక్కల్లో తప్పిన మార్కుల కాగితాలని ఒకరు. అత్తగారి కట్టుడు పళ్ళని ఒకరు. ఇంకో చిన్న పెట్టె, దానికీ తాళం అని ఒకరు. ఒకావిడ ఊహ రాయడం మర్చిపోయి తన సొంత పెట్టె గురించి రెండు పేజీలు రాసింది. అద్దె ఇంట్లో తాళం పోగొట్టుకున్న ఆవిడ ఒకరు పిలిస్తే వెళ్ళాను, తలుపు తెరుచుకున్నాక థాంక్స్ చెప్పడం మానేసి, "నాకొక్కదానికే చెప్పండి, అందులో ఏముంది" అంది. తెలియదన్నాను. ఆవిడ నమ్మలేదు.

శుక్రవారానికి ఊహలు మూడువందల పన్నెండు. అందులో కళ్ళజోడు అనే పేరుతో ఒకాయన రాసింది రెండే మాటలు. "ఏమీ లేదు."

అది చదవగానే ఫోన్ బోర్లించేశాను. ఎందుకంటే అది నిజమని నాకు తెలుసు. ఫోటో కోసం మంచం కిందనుంచి లాగినప్పుడే తెలిసింది. నేను బరువనుకుని బలంగా లాగితే, పెట్టె జారుకుంటూ వచ్చి నా మోకాలికి తగిలింది. అప్పటినుంచి మూడువందలమంది ఊహిస్తుంటే, వాళ్ళు ఊహిస్తున్నది ఖాళీ పెట్టెనని తెలిసి కూర్చున్నాను. నా పెట్టె ఖాళీ అయితే మీకేం భయమని నువ్వు అడుగుతావు. అదే చెప్పబోతున్నాను, కాస్త ఓపిక పట్టు.

శనివారం మధ్యాహ్నం దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. మందపాటి కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. తాళమేదీ తేలేదు. బల్ల మీద ఉన్న తాళంకప్పను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మంచి పనితనం బాబూ. దీన్ని రేపే ఇస్తారా, పంపిస్తారా?"

"గెలిచినవాళ్ళకండి. రేపు తెలుస్తుంది" అన్నాను.

"నాకు వారం క్రితమే తెలుసు. కళ్ళజోడు నేనే."

నా చేతిలోని ఆకురాయి జారి బల్ల మీద పడింది. ఎలా తెలుసని అడిగాను. నవ్వి, జేబులోంచి నా ఫోటో తీసి చూపించాడు. జిరాక్స్ ఆవిడ దగ్గరే ప్రింటు తీయించాడట.

"ముప్ఫై నాలుగేళ్ళు స్టేషన్లో సామాన్లు భద్రపరిచే గదిలో పనిచేశాను. ఎవరి పెట్టెలో ఏముందో నాకు తెలియదు, ఎంత ఉందో మాత్రం భుజం చూస్తే తెలిసిపోతుంది. మీరు ఒక్క చేత్తో, రెండు వేళ్ళతో పట్టుకున్నారు. భుజం వంగలేదు. ఇంతోటిదానికి వీళ్ళంతా బంగారం అంటారేంటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా భుజం మీదకే పోయింది. ఆయన అది కూడా చూశాడు.

ఆదివారం పదింటికి జిరాక్స్ ఆవిడ ఫోన్ పట్టుకుని నిలబడింది. నూట నలభైమంది చూస్తున్నారని చెప్పింది. నేను చాప మీద పెట్టె ముందు కూర్చుని సరంజామా విప్పాను. నాలుగు లీవర్ల చిన్న తాళం, నాకు ఒకటిన్నర నిమిషాల పని. తీగ లోపలికి పెట్టాను, మొదటి లీవరు కదిలింది కూడా. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఏదో సాంకేతిక ఇబ్బంది, వాయిదా వేస్తున్నానని చెప్పి లేచిపోయాను. "పెట్టెకు సాంకేతిక ఇబ్బందేంటన్నయ్యా" అని జిరాక్స్ ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది. బ్లాగులో తొమ్మిది రోజులుగా ఒకటే తిట్లు. మోసగాడన్నారు, బహుమతి మింగేశాడన్నారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చదువుతున్నాను. ఈ రోజులన్నీ ఫోన్లో నువ్వు పెట్టె మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తిన్నారా అన్నావు, తిన్నానన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

పైన ఒక అబద్ధం రాశాను. అబద్ధం కాదు, సగం నిజం. కొట్టాయన ఇనప్పెట్టె పగలగొట్టాక, "మా అత్తగారి పెట్టె ఒకటి ఉంది, దాని తాళమూ పోయింది, కావాలంటే తీసుకో" అని జిరాక్స్ ఆవిడ అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు నాకూ తెలియదు. నాకు నీ పెట్టే కావలసివచ్చింది. పదిమంది ముందు తెరుస్తానని మాటిచ్చేస్తే ఇక తప్పించుకోలేను, తెరిచి తీరాలి, చూసి తీరాలి అనుకున్నాను కాబోలు. ఒంటరిగా చూసే ధైర్యం లేక మూడువందలమందిని పోగుచేసుకున్నాను.

నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి రోజు చెప్పింది ఒక్కటే. "అడగని తాళం ముట్టుకోకు. ముట్టుకుంటే ఎంత పనితనమున్నా నువ్వు దొంగవే." ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒకే ఒక్కసారి తప్పాను. మన పెళ్ళయిన రెండో ఏడు, నువ్వు డ్యూటీలో ఉండగా, ఒక మధ్యాహ్నం పూట నీ పెట్టె తెరిచాను.

దానికి ముందు జరిగింది నువ్వు మర్చిపోయి ఉండవు. ఏదో చిన్న మాటకు నాకు కోపం వచ్చి చేతిలోని ఆకురాయి విసిరాను. గోడకు తగిలింది. "నీకు తగల్లేదు కదా" అన్నాను, అదేదో నా గొప్పతనమైనట్టు. నువ్వు గోడనుంచి రాలిన సున్నం ఊడ్చి, చేతులు కడుక్కుని, డ్యూటీకి వెళ్ళిపోయావు. ఆ నెలలోనే పెట్టెకు తాళం పడింది. తాళంచెవి ఏదని అడిగితే పోయిందన్నావు. తాళాలవాడి పెళ్ళానివి, పోయిన తాళం తీసిపెట్టమని ఒక్కసారి కూడా అడగలేదు. అది నన్ను తొలిచేసింది. అందుకే తెరిచాను.

లోపల మడతపెట్టిన రెండు జతల బట్టలు. నీలం తువ్వాలు. కాగితం విప్పని సబ్బు. దువ్వెన. ఎర్ర టార్చిలైటు, దాని బ్యాటరీలు విడిగా పొట్లంలో. నడవడానికి వీలుగా ఉండే చెప్పులు ఒక జత. ప్లాస్టిక్ కవర్లో నీ సర్టిఫికెట్లు. అన్నిటికంటే పైన బస్సుల టైంటేబులు. ఆ ఏడాదిదే.

ఎవరైనా చెప్పాలా నాకు? ఇల్లు వదిలి వెళ్ళాలనుకున్న రోజు మీ అమ్మకు చెప్పులు కూడా దొరకలేదని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి కూర్చుందని నువ్వే ఒకసారి చెప్పావు. నువ్వు ఆ పొరపాటు చేయదలచుకోలేదు. ఎక్కడివక్కడ సర్దేసి తాళం వేశాను. ఇంకో పాపం కూడా ఉంది, చెప్పేస్తాను. ఆ తాళానికి ఒక తాళంచెవి కూడా చేసుకుని దుకాణంలో మేకుల డబ్బా అడుగున దాచాను. ఒక్కరోజూ వాడలేదు. వాడకపోయినా చేసినమాట నిజం.

ఆ సాయంత్రం నువ్వు వచ్చేసరికి నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. "ఇదేంటి కొత్తగా" అన్నావు. ఆ రోజునుంచే నేను మంచివాణ్ణయ్యాను. విసరడం మానేశాను, అరవడం మానేశాను, తర్వాత ఎదురు చెప్పడం కూడా మానేశాను. గోడలకు ఏ రంగన్నా నీ ఇష్టం. ఇల్లు మారదామా అంటే నీ ఇష్టం. ఆరు నెలలు అంత దూరం వెళ్ళనా అంటే అప్పుడూ నీ ఇష్టమే. మీ చెల్లెలు వచ్చినప్పుడల్లా "మా బావ బంగారం" అంటుంది. ఆమెకేం తెలుసు, బంగారం కాదు, భయం. మంచితనమెంతో భయమెంతో విడదీసి చూపించమంటే ఇప్పుడు నాకే చేతకాదు. నీ ఎక్స్‌రేలో కూడా పడదేమో.

మళ్ళీ తెరవలేదు గానీ ఏటా ఒకసారి మంచం కింద ఊడ్చే నెపంతో పెట్టెను పిడి పట్టి లాగి చూసేవాణ్ణి. మొదటి ఐదారేళ్ళూ బరువుగానే ఉండేది, ఆ తర్వాత లాగి చూసే ధైర్యం కూడా చాలక మానేశాను. బరువుగా ఉంటే నువ్వింకా సిద్ధంగా ఉన్నావని బెంగ, అయినా ఇంకా వెళ్ళలేదని ఊరట. తొమ్మిదేళ్ళు ఆ రెండిటి మధ్యే బతికాను. మొన్న అది తేలికగా జారివచ్చేసరికి నాకు ఒకటే తోచింది. వెళ్ళిపోయింది. ఆరు నెలలన్నది వంక. ఇంకో మూడు నెలలన్నది రెండో వంక. నీ ఉత్తరంలో ఆ మాట చదివాక ఇక నాకు నిలవడానికీ కూర్చోవడానికీ చోటు లేకపోయింది.

నిన్న తాపీ మేస్త్రి వచ్చాడని చెప్పాను కదా. అటకమీదకు ఎక్కి, లోపల చీకటిగా ఉంది, లైటేదైనా ఇవ్వమన్నాడు. నీకు తెలుసుగా, మన ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో నాకు తెలియదు. వంటింటి సొరుగులు ఒక్కొక్కటే లాగాను. గరిటెల పక్కన ఎర్ర టార్చిలైటు ఉంది. బ్యాటరీలు వేసి ఉన్నాయి. నొక్కితే వెలిగింది.

అది చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పైనుంచి మేస్త్రి "అయ్యా, దొరికిందా లేదా" అని రెండుసార్లు కేకేశాడు. టార్చి ఆయనకిచ్చి నేను ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. నీలం తువ్వాలు వాకిట్లో తీగ మీద ఉంది. నువ్వు వెళ్ళినప్పటినుంచి నేను చేతులు తుడుచుకుంటున్నది దాంతోనే, గ్రీజు మరకలు నావే. చెప్పులు స్నానాలగది గుమ్మం దగ్గర, మడమలు అరిగిపోయి. ఆ రెండు జతల్లో ఒకటి నువ్వు ఇంటిపనికి కట్టి కట్టి చివరికి నేల తుడిచే గుడ్డ చేశావు, అంచు చూసి గుర్తుపట్టాను. రెండోది ఇస్త్రీ బట్టల బొత్తిలో అన్నిటితో కలిసి ఉంది. వంటింటి పై అరలో డబ్బాలు దించి చూశాను. అర మీద పరిచిన కాగితం బస్సుల టైంటేబులు. నూనె మరకలు పడి, అంకెలు కనిపించకుండా పోయాయి. అంచులు చక్కగా కత్తిరించి మరీ పరిచావు.

నువ్వు ఊరికి తీసుకెళ్ళిన పెట్టె మూతపడకపోతే పైనెక్కి కూర్చుని మూసింది నేనే. అందులో ఏమున్నాయో నాకు తెలుసు, ఇవేవీ లేవు. అంటే నువ్వు వెళుతూ వెళుతూ తీసినవి కావు. అంతకుముందే, ఒక్కొక్కటిగా, ఎప్పుడో తీసి ఇంట్లో వాడుకున్నావు. వెళ్ళడానికి సర్దిపెట్టుకున్నవన్నీ ఈ ఇంట్లో విప్పుకున్నావు. లీవరు కదిలితే చెవితో పసిగట్టేవాణ్ణి, నా కళ్ళముందు ఇది జరుగుతుంటే నాకు కనిపించలేదు. మేస్త్రి అటక దిగి వచ్చేసరికి నేను టైంటేబులు ముందు కూర్చుని ఏడుస్తున్నాను. "కారడం ఆగిపోయిందయ్యా, ఇంక భయం లేదు" అని నన్ను ఓదార్చి వెళ్ళాడు.

ఈ ఉదయం బ్లాగులో ఉన్నమాట రాసేశాను. పెట్టె నాది కాదు, సొంతదారు అడగకుండా తెరుస్తానని చెప్పడం నా తప్పు, కాబట్టి తెరవను, బహుమతి చీటీ వేసి ఇస్తాను అని. జిరాక్స్ ఆవిడ మూడువందల పన్నెండు పేర్లూ ప్రింటు తీసి, ముక్కలు చేసి, ఒక చీటీ తీసింది. పాత ఫ్యాను రెక్కలని ఊహించిన ఒకాయనకు వచ్చింది. కళ్ళజోడు పెద్దాయన దుకాణానికి వచ్చి, "నాది కరెక్టని మీకూ తెలుసు, నాకూ తెలుసు" అని కోప్పడి వెళ్ళాడు. ఆయన కోపం న్యాయమే. ఆయనకు ఇంకో తాళంకప్ప చేసిస్తానన్నాను, నాలుగు నెలలు ఆగాలి. రోజుకు తొమ్మిదివందలమంది వచ్చేవాళ్ళు మధ్యాహ్నానికి యాభైకి పడిపోయారు. నాకు బాధ లేదు. ఆ యాభై నిజంగా తాళాల కోసం వచ్చేవాళ్ళు.

నేను చేసుకున్న ఆ దొంగ తాళంచెవి ఈ కవర్లో పెడుతున్నాను. ఇంకో కాపీ లేదు. "తెరవండి చూద్దాం" అని నువ్వు రాసింది ఇప్పుడు చదివితే నవ్వుతూ రాసినట్టే ఉంది. అయినా నేను తెరవను.

ఇక నీ నాలుగో ప్రశ్న. ఇంకో మూడు నెలలు ఉండనా, ఏమంటారని అడిగావు. నేనేమంటానో నీకు తెలుసు, తొమ్మిదేళ్ళుగా వింటున్నావు. ఈసారి ఆ మాట అనను. నాకు ఇష్టం లేదు. బొత్తిగా ఇష్టం లేదు. వాళ్ళు అడగగానే కుదరదని చెప్పకుండా ఆలోచిస్తానన్నావట, అది ఇంకా ఇష్టం లేదు. ఆరు నెలలని చెప్పి వెళ్ళినదానివి ఆరు నెలలకు రావాలి. ఇది రాస్తుంటే నాకు నిజంగానే కోపం వస్తోంది. భయపడకు, చేతిలో కలం తప్ప ఇంకేమీ లేదు.

నువ్వూ ఊరుకోకు. నీ పెట్టె తెరిచినందుకు, తొమ్మిదేళ్ళు తెలియనట్టు నటించినందుకు, నీకు నాకంటే పెద్ద కోపం రావాలి. రానీ. మళ్ళీ అన్నీ సర్దుకుని తాళం వేసుకోవాలనిపిస్తే వేసుకో, మంచం కిందకు వంగి బరువు చూడను. ఉండి తీరాలంటే ఆ మూడు నెలలూ ఉండు, నేను మాత్రం సరేననను, రోజూ ఫోన్ చేసి పోట్లాడతాను. ఏం తిట్టదలచుకున్నావో వచ్చి నా ముఖం మీద తిట్టు. నేను కూడా ఈసారి ఎదురు చెబుతాను.

ఇట్లు,
తొమ్మిదేళ్ళ తర్వాత నీమీద కోపం వచ్చిన
నీ మొగుడు